షుగర్ ఉన్నవాళ్ళు కొలెస్ట్రాల్ పరీక్షకి పరగడుపున వెళ్ళాలా?

మిగతావాళ్ళకీ అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్న ముందు నా మాటల్లో చెప్తాను. మీ నాన్నగారికి 64 ఏళ్ళు, షుగర్ వచ్చి పదిహేనేళ్ళు. పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర, రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్, పడుకునేముందు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, అటోర్వాస్టాటిన్ 20. పోయినేడాది పరగడుపున లిపిడ్ ప్రొఫైల్‌కి, అంటే కొలెస్ట్రాల్ పరీక్షకి తీసుకెళ్తే తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కళ్ళు తిరిగాయి, చొక్కా తడిసేలా చెమటలు పట్టాయి. ఆ భయంతో ఈసారి ఇడ్లీ పెట్టి పదింటికి తీసుకెళ్ళారు. రిపోర్టు ఇచ్చేటప్పుడు ల్యాబ్‌వాళ్ళు, "తిని వచ్చారు కదా, ఇది లెక్కలోకి రాదు, పన్నెండు గంటలు ఏమీ తినకుండా మళ్ళీ రండి" అన్నారు. డాలస్‌లో ఉన్న మీ అక్కేమో "ఇక్కడ తిన్నాక కూడా తీస్తారు" అంటోంది. ఇప్పుడు ఎవరి మాట వినాలి?

అక్క మాట వినండి. ఒక్క లిపిడ్ ప్రొఫైల్ కోసం ఆయన్ని మళ్ళీ పస్తు పెట్టే పని లేదు.

నేను మందులు రాసే డాక్టర్ని కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆస్పత్రి ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ చూశాను. "పన్నెండు గంటలు పరగడుపు" అని నేనూ కొన్ని వేలమందికి చెప్పుంటాను. అందుకే మీ ల్యాబ్‌వాళ్ళని తిట్టాలనిపించడం లేదు. వాళ్ళు నేర్చుకున్నది వాళ్ళు చెప్పారు. ఆ నియమం ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే అది మీ నాన్నగారికి ఎంత వర్తిస్తుందో మీకే తెలిసిపోతుంది.

మీరు పెట్టిన రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకోండి. ట్రైగ్లిజరైడ్స్ అంటే రక్తంలో తిరిగే కొవ్వు. హెచ్‌డీఎల్‌ని మంచి కొలెస్ట్రాల్ అంటారు, ఎల్‌డీఎల్‌ని చెడ్డది అంటారు, వీఎల్‌డీఎల్ ట్రైగ్లిజరైడ్స్‌ని మోసే రేణువుల్లోది. పోయినేడాదిది: మొత్తం కొలెస్ట్రాల్ 172, ట్రైగ్లిజరైడ్స్ 160, హెచ్‌డీఎల్ 38, వీఎల్‌డీఎల్ 32, ఎల్‌డీఎల్ 102. ఈసారిది: 168, 195, 38, 39, 91. ఇప్పుడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి ట్రైగ్లిజరైడ్స్‌ని 5తో భాగించండి. 160కి 32, 195కి 39. వీఎల్‌డీఎల్ అన్న గడిలో ఉన్నది అచ్చంగా అదే అంకె. అంటే దాన్ని ఏ మెషీనూ కొలవలేదు. ఇప్పుడు మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ, ఆ అంకెనీ తీసెయ్యండి. 172లోంచి 38, 32 పోతే 102. 168లోంచి 38, 39 పోతే 91. మీరు అంత కంగారుపడుతున్న ఎల్‌డీఎల్ కూడా కొలిచింది కాదు, భాగహారం, తీసివేత చేసి రాసింది. చాలా ల్యాబుల్లో ఇంతే. కొన్నిచోట్ల 'డైరెక్ట్ ఎల్‌డీఎల్' అని విడిగా కొలుస్తారు, అప్పుడు రిపోర్టులో ఆ మాట ఉంటుంది.

ఈ లెక్కని 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ అనే ముగ్గురు అమెరికాలో ఇచ్చారు. అప్పట్లో ఎల్‌డీఎల్ కొలవాలంటే శాంపిల్‌ని అతివేగంగా తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే మెషీన్ కావాలి. గంటల తరబడి తిప్పాలి, మామూలు ల్యాబ్ వల్ల అయ్యే పని కాదు. ఆ బాధ తప్పించడానికి "ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు వీఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ అనుకుందాం" అన్నారు. పరగడుపున ఉన్నవాళ్ళలో ఈ అంచనా బాగానే కుదురుతుంది. తిన్నాక అయితే పేగుల నుంచి కైలోమైక్రాన్లు అనే కొవ్వు రేణువులు రక్తంలోకి వస్తాయి. వాటిలో ట్రైగ్లిజరైడ్స్ దండిగా ఉంటాయి, కొలెస్ట్రాల్ కొంచెమే ఉంటుంది. అయిదో వంతు లెక్క అక్కడ దెబ్బతింటుంది. వీఎల్‌డీఎల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఆ మేరకు ఎల్‌డీఎల్ తగ్గినట్టు కనిపిస్తుంది. మీ 102 కాస్తా 91 అవడంలో పెద్ద భాగం ఇదే. ఈ లెక్క చెడిపోకుండా ఉండాలనే ప్రధానంగా మనిషిని పస్తు పెడుతున్నాం.

ఇప్పుడు ఇంకో తీసివేత చెయ్యండి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసెయ్యండి. పోయినేడాది 134, ఈ ఏడాది 130. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాల గోడల్లో పేరుకునే రేణువులన్నిటి కొలెస్ట్రాలూ ఇందులోకి వస్తుంది, ఎల్‌డీఎల్ ఒక్కటే కాదు. ట్రైగ్లిజరైడ్స్ అంకెతో దీనికి పనిలేదు కాబట్టి తిన్నా తినకపోయినా పెద్దగా కదలదు. షుగర్ ఉన్నవాళ్ళ రిపోర్టు చేతిలోకి వస్తే నేను ముందు చూసేది ఇదే. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2014లోనే మార్గదర్శకాలు మార్చి, ఎల్‌డీఎల్ బదులు నాన్ హెచ్‌డీఎల్ చూడండి, పరగడుపు అక్కర్లేదు అని చెప్పింది. డెన్మార్క్ 2009 నుంచే తిన్నాక తీసిన రక్తంతో పని నడుపుకుంటోంది. 2016లో యూరప్‌లోని ఎథెరోస్‌క్లిరోసిస్ (రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం) సొసైటీ, ల్యాబ్ మెడిసిన్ ఫెడరేషన్ కలిసి మామూలు లిపిడ్ పరీక్షకి పరగడుపు వద్దన్నాయి. అమెరికా గుండె వైద్యుల 2018 మార్గదర్శకాలు కూడా, కొలెస్ట్రాల్ మందులు మొదలుపెట్టని పెద్దవాళ్ళలో గుండెజబ్బు ప్రమాదాన్ని అంచనా వెయ్యడానికి రెండిట్లో ఏ శాంపిలైనా సరే అన్నాయి. మీ అక్క చెప్పింది అందుకే.

తిన్నాక అంకెలు ఎంత మారతాయి అన్నది అందరూ అడిగేదే. ఆ 2016 ప్రకటనలో ఇచ్చిన సగటు మార్పులు ఇవి: మామూలు భోజనం చేశాక ఒకటి నుంచి ఆరు గంటల లోపు ట్రైగ్లిజరైడ్స్ 26 పెరుగుతాయి, మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ చెరో 8 తగ్గుతాయి, హెచ్‌డీఎల్ కదలదు. మీ నాన్నగారికి ట్రైగ్లిజరైడ్స్ 35 పెరిగాయి, ఎల్‌డీఎల్ 11 తగ్గింది. ఏడాది తేడాతో తీసిన రెండు రిపోర్టుల్లో ఈమాత్రం తేడా నన్నేమీ ఆశ్చర్యపరచలేదు. ఒకే మనిషికి వరుసగా రెండు రోజులు పరగడుపునే తీసినా ట్రైగ్లిజరైడ్స్ ఇరవై శాతం అటూ ఇటూ అవడం మామూలే. పడుకోబెట్టి తీస్తే ఒకలా, కూర్చోబెట్టి తీస్తే ఇంకోలా వస్తుంది. చేతికి కట్టిన బెల్టు రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచేస్తే కొలెస్ట్రాల్ కాస్త పెరుగుతుంది. ఇవేవీ ఎవరూ అడగరు. ఇడ్లీ ఒక్కటే దొంగలా పట్టుబడుతుంది.

"షుగర్ ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి తిన్నాక కొవ్వు ఎక్కువసేపు రక్తంలో ఉంటుంది, కాబట్టి వాళ్ళకైనా పరగడుపు ఉండాలి" అనే వాదన ఒకటుంది. ఒకప్పుడు నేనూ అదే అన్నాను. మొదటి సగం నిజమే. ఇన్సులిన్ సరిగా పనిచెయ్యనప్పుడు కొవ్వు రేణువులు త్వరగా కరగవు. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, షుగర్ మనుషుల్లో కనిపించే మామూలు బొమ్మ అది. మీ నాన్నగారి 38 కూడా అందులో భాగమే. కానీ దాన్నిబట్టి పరగడుపున చూడాలనడం తిరకాసు. రోజుకి మూడుసార్లు తిని, మధ్యలో రెండుసార్లు టీ తాగే మనిషి తెల్లవారుజాము తప్ప ఎప్పుడూ పరగడుపున ఉండడు. రక్తనాళాలు రోజంతా చూసేది తిన్న తర్వాతి రక్తాన్నే. నాళాల్లో కొవ్వు పేరుకోవడం భోజనం తర్వాత జరిగే వ్యవహారమని జిల్వర్‌స్మిట్ అనే శాస్త్రవేత్త 1979లోనే వాదించాడు. తిన్నాక ట్రైగ్లిజరైడ్స్ బాగా పెరిగే మనిషైతే ఆ సంగతి డాక్టరుకి తెలియాల్సిందే. పస్తు పెట్టి దాన్ని కనపడకుండా చెయ్యడం దేనికి?

కోపెన్‌హాగన్‌లో 58,434 మంది రక్తాన్ని, తిని ఎంతసేపైందో రాసుకుని మరీ పరీక్షించిన అధ్యయనం 2011లో వచ్చింది. అందులో 2,270 మంది షుగర్ ఉన్నవాళ్ళు. వాళ్ళలోనూ, లేనివాళ్ళలోనూ మార్పు ఒకే తీరులో ఉంది. ఎల్‌డీఎల్ తగ్గడంలో కొంత వాటా తిండిది కూడా కాదు. తినేటప్పుడు నీళ్ళూ తాగుతాం, రక్తం కాస్త పల్చబడుతుంది. అదే శాంపిల్లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా తగ్గడం చూసి వాళ్ళు ఈ సంగతి పట్టుకున్నారు.

ఇప్పుడు నన్ను మార్చిన సంగతి చెప్తాను. మా ల్యాబ్ ఏడింటికి తెరవాలి. ఆ రోజు ఏడున్నర దాటింది, బెంచీల మీద నలభైమంది దాకా ఉన్నారు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు, పంచె, చేతిలో ఫైలు, పల్లెటూరి నుంచి తొలి బస్సుకి వచ్చారు. కాసేపటికి టోకెన్ ఇచ్చే అబ్బాయి మీద కేకలు మొదలుపెట్టారు. నెమ్మదస్తుడని పేరున్న మనిషి. వయసు, ఆలస్యం, చిరాకు అనుకున్నాం. దగ్గరకెళ్తే మెడ దగ్గర బనీను పిండేలా ఉంది, చేతులు వణుకుతున్నాయి, నేనడిగినదానికి వేరే ఏదో చెప్తున్నారు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 48. గ్లూకోజు నీళ్ళు తాగించాక ఇరవై నిమిషాలకి మనిషి మామూలయ్యారు. సంగతేమిటంటే, ఇన్సులిన్ రోజూ ఆరింటికి వేసుకోవడం అలవాటు, ఆ రోజూ వేసుకునే బస్సెక్కారు. "తినొద్దన్నారు గానీ సూది వేసుకోవద్దని ఎవరూ అనలేదు కదండీ" అన్నారు. నిజమే, మేం అనలేదు. మా చీటీలో 'పన్నెండు గంటలు పరగడుపు' అని మాత్రమే ఉంది. సాయంత్రం ఆయన లిపిడ్ రిపోర్టు చూశాను. ఆర్నెల్ల కిందటి రిపోర్టుకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇలాంటివి మా ఒక్క ఊళ్ళోనే కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో డాక్టర్ సలేహ్ అల్‌దసూఖీ బృందం, రక్తపరీక్షకి పరగడుపున వెళ్ళినప్పుడు షుగర్ పడిపోయిందా అని పేషెంట్లని అడిగింది. లెక్కలోకి తీసుకున్న 363 మందిలో 62 మంది అవునన్నారు. దాదాపు ఆరుగురిలో ఒకరు. అక్కడ సొంతంగా కారు నడుపుకుంటూ ల్యాబ్‌కి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. మీ నాన్నగారు ఆటోలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. బండి మీద ఉండుంటే?

అందుకని నా లెక్క ఇది. షుగర్ పడేసే మందులు వాడేవాళ్ళకి, అంటే ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్ళకి, లిపిడ్ పరీక్ష కోసం పెట్టే పస్తు వల్ల ప్రమాదం ఎక్కువ, తెలిసేది తక్కువ. ఒక్క మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నవాళ్ళకి షుగర్ పడిపోవడం అరుదు. వాళ్ళకి పస్తు ప్రమాదం కాదు గానీ అవసరమూ లేదు.

మీ నాన్నగారి విషయంలో ఇంకోటి చూడండి. ఆయన ఇప్పటికే స్టాటిన్ మీద ఉన్నారు. ఆ వయసులో, అన్నేళ్ళ షుగర్‌తో ఉన్నవాళ్ళకి ఎల్‌డీఎల్ 70 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 100 లోపు ఉండాలని డాక్టర్లు చూస్తారు. 102 అయినా 91 అయినా రెండూ 70కి పైనే. 134 అయినా 130 అయినా 100కి పైనే. మళ్ళీ పరగడుపున వెళ్ళి 97 తెచ్చుకున్నా మాట మారదు. మాత్ర రోజూ వేసుకుంటున్నారా, మోతాదు పెంచాలా, ఇంకో మందు కలపాలా అన్నది డాక్టరుగారితో మాట్లాడాల్సిన విషయం. దానికి ఈ రిపోర్టు చాలు.

పరగడుపు నిజంగా కావాల్సిన సందర్భాలూ ఉన్నాయి. తిన్నాక తీసిన రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే పరగడుపున మళ్ళీ చూడాలి. యూరప్‌వాళ్ళు 440 అంటారు, ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. అక్కడ ఫ్రీడ్‌వాల్డ్ లెక్క ఎలాగూ పనిచెయ్యదు. అలాంటి రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేలే సీరం లేత పసుపుగా ఉండకుండా పల్చటి మజ్జిగలా ఉంటుంది. ఒకసారి ట్యూబు వెనక రాసిన పేరు కూడా కనపడనంత తెల్లటి శాంపిల్ చూశాను, 2,000 దాటింది. అలాంటివాళ్ళకి అసలు భయం క్లోమం వాచిపోవడం, అంటే ప్యాంక్రియాటైటిస్. ఇంతకుముందు ప్యాంక్రియాటైటిస్ వచ్చినవాళ్ళు, ఇంట్లో వంశపారంపర్యంగా ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నవాళ్ళు, వాటికోసమే ఫెనోఫైబ్రేట్ లాంటి మందు వాడుతూ తగ్గిందో లేదో చూసుకునేవాళ్ళు పరగడుపున ఇవ్వడమే మంచిది. మీ నాన్నగారి 195 వీటిలో దేనికిందా రాదు. తిన్నాక తీసినదానికి 175 దాటితే ఎక్కువ అంటారు, కాబట్టి కాస్త ఎక్కువే. రిపోర్టులో 150 అని అచ్చేసింది పరగడుపు హద్దు.

ఇంకో చిక్కుంది, ఇది స్టాటిన్ బాగా పనిచేసినవాళ్ళకి వస్తుంది. ఎల్‌డీఎల్ 60 కి దిగి, ట్రైగ్లిజరైడ్స్ 250 దగ్గరుంటే పాత లెక్క ఎల్‌డీఎల్‌ని మరీ తక్కువ చేసి చూపిస్తుంది. పరగడుపున తీసినా అంతే. డాక్టరు, పేషెంటు ఇద్దరూ సంతోషపడిపోతారు. అక్కడ నాన్ హెచ్‌డీఎల్ చూడాలి, లేదా అపోబీ (ఆ రేణువుల మీదుండే ప్రోటీన్‌ని కొలిచే పరీక్ష) చేయించాలి. 2013లో వచ్చిన 'మార్టిన్-హాప్‌కిన్స్' అనే కొత్త లెక్క దీన్ని చాలావరకు సరిచేస్తుంది, మీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో అడగండి. లేదనే అంటారు.

పరగడుపు అంటే జనం చేసే పనులు కూడా చెప్పాలి. పన్నెండు అంటే పదహారు గంటలు ఉండి వస్తారు. నీళ్ళు కూడా తాగకుండా వస్తారు, నరం దొరక్క రెండు చేతులూ పొడిపించుకుంటారు. నీళ్ళు తాగొచ్చు, బీపీ మాత్ర నీళ్ళతో వేసుకోవచ్చు, ఆ మాట చెప్పేవాళ్ళుండరు. ముందురోజు రాత్రి పెళ్ళిలో బిర్యానీ, పైన రెండు పెగ్గులు వేసి, సరిగ్గా పన్నెండు గంటలు లెక్కపెట్టుకుని వచ్చి, ట్రైగ్లిజరైడ్స్ 380 వస్తే "పరగడుపునే ఇచ్చాను కదా" అంటారు. రిపోర్టు బాగా రావాలని మూడు రోజులు పెరుగన్నంతో గడిపేవాళ్ళు మరో రకం. వాళ్ళు పరీక్ష రాయడానికి వస్తారు, చేయించుకోవడానికి కాదు.

మీకు అసలు ఇబ్బంది వచ్చేది ఇంకోచోట. ఫాస్టింగ్ షుగర్ కూడా రాసుంటే దానికి పరగడుపు తప్పదు. ప్యాకేజీల్లో రెండూ కలిపి ఉంటాయి కాబట్టే లిపిడ్‌కి కూడా ఆ పేరొచ్చింది. రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీకి తిండితో సంబంధం లేదు. కాబట్టి హెచ్‌బీఏ1సీ, లిపిడ్, కిడ్నీల కోసం చూసే క్రియాటినిన్ రాస్తే మధ్యాహ్నం వెళ్ళినా ఫర్వాలేదు. ఫాస్టింగ్ షుగర్ ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసి రాసుకుంటే చాలా అని డాక్టరుగారిని అడగండి. ఫాస్టింగ్, పోస్ట్ లంచ్ రెండూ ల్యాబ్‌లోనే కావాలంటే, ఫాస్టింగ్‌కి ఎనిమిది గంటలు చాలు, పన్నెండు అక్కర్లేదు. లిపిడ్‌ని తిన్నాక రెండు గంటలకి ఇచ్చే శాంపిల్లోనే చెయ్యమనండి.

అలా వెళ్ళాల్సిన రోజు కోసం ముందురోజు రాత్రి ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి. సొంతంగా మానెయ్యకండి, షుగర్ ఎగిరిపోతే అదో తంటా. పొద్దున్న గ్లిమెపిరైడ్ రక్తం ఇచ్చి, టిఫిన్ ముందు పెట్టుకున్నాకే. బయల్దేరేముందు వేలు గుచ్చి చూడండి, 70 లోపు ఉంటే పరీక్ష రేపటికి, తిండి ఇప్పటికి. మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూసి, ఆ తర్వాత టిఫిన్ పెట్టండి. టిఫిన్ డబ్బా వెంట తీసుకెళ్ళండి, హోటల్ వెతుక్కోవద్దు. జేబులో గ్లూకోజు బిళ్ళలో, చిన్న పొట్లంలో పంచదారో ఉండాలి. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే అబ్బాయిని నమ్ముకుంటే, ఆరున్నరకి వస్తానన్నవాడు "దారిలో ఉన్నా సార్" అంటూ ఎనిమిదిన్నర చేస్తాడు. ఏడున్నరకి రాకపోతే టిఫిన్ పెట్టేసెయ్యండి.

ఈసారి రిపోర్టు పారెయ్యకండి. పైన పెన్నుతో 'టిఫిన్ ఎన్నింటికి, రక్తం ఎన్నింటికి' రాసి, పక్కన నాన్ హెచ్‌డీఎల్ 130 అని వేసి, పోయినేడాది దాంతో కలిపి ఫైల్లో పెట్టి డాక్టరుగారికి చూపించండి. ఆటోలో కళ్ళు తిరిగిన సంగతి కూడా ఆ రోజే చెప్పండి. మీ ప్రశ్న చూస్తే ఇంతవరకూ ఆయనకి చెప్పినట్టు లేదు. నన్నడిగితే 91 కంటే, 102 కంటే ముందు ఆయన వినాల్సింది అదే.